కట్టెల అడితికి చీల్చే యంత్రం: ఎన్ని టన్నులు, ఎవరి లెక్కన?

బెంగళూరు తూర్పు అంచున, కృష్ణరాజపురం దాటాక హొసకోట, అక్కడి నుంచి చింతామణి, కోలారు వైపు వెళ్లే రోడ్ల మీద కట్టెల అడితులు ఇంకా బాగానే కనిపిస్తాయి. నగరమంతా గ్యాసుకు మారిపోయిందని అనుకునేవాళ్లు ఒక ఆదివారం తెల్లవారుజామున హొసకోట వెళ్లి చూడాలి. ఇంకా చీకటి ఉండగానే దమ్ బిర్యానీ కోసం జనం బారులు తీరి ఉంటారు. ఆ డేగిసాల కింద మండేది కట్టె. మిలిటరీ హోటళ్లు అని పిలిచే మాంసాహార భోజనశాలలు, కల్యాణ మండపాల వంటవాళ్లు, కట్టె పొయ్యి మీద పిజ్జాలు కాల్చేవాళ్లు, శిడ్లఘట్ట వైపు పట్టుగూళ్లు ఉడికించేవాళ్లు, శ్మశానాలవాళ్లు, అందరికీ సరుకు అడితుల నుంచే వెళ్తుంది. ఈ దారి పొడవునా లోడు బేరాలు సగం తెలుగులోనే నడుస్తాయి.

ఈ వ్యాపారంలో ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట: గొడ్డలి పట్టే మనిషి దొరకడం లేదు. దొరికినా ఎండాకాలం మధ్యాహ్నం పని చేయలేడు, పండగకు ఊరెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. దాంతో కట్టె చీల్చే యంత్రం మాట వస్తోంది. వాట్సాప్‌లో వీడియో చూస్తారు, పీన్య పారిశ్రామికవాడలో యంత్రాలు చేసిచ్చే ఫ్యాబ్రికేటర్ ఎవరిదో నంబరు సంపాదిస్తారు, ఫోన్ చేసి మొదట అడిగేది "ఎన్ని టన్నులది?" అని, అంటే దుంగను ఎన్ని టన్నుల బలంతో తోస్తుందని. అవతలివాడు తడుముకోకుండా ఇరవై అంటాడు. ఇంకొకడు ముప్పై అంటాడు. ముప్పై చెప్పినవాడి దగ్గర కొంటారు. హైడ్రాలిక్, అంటే నూనె పీడనంతో పని చేసే, సామాను మధ్యే పొద్దు గడిచే నాకు ఈ బేరం చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ ప్రశ్న అక్కర్లేనిదని కాదు, ఆఖరున అడగాల్సింది. ముందు తేలాల్సినవి రెండు. మీ అడితికి ఏ కట్టె వస్తోంది? దాన్ని ఎవరు కొంటున్నారు? ఆ రెండూ తేలితే టన్నులు వాటంతట అవే తేలతాయి. కొందరి విషయంలో అసలు యంత్రమే అక్కర్లేదని తేలుతుంది.

ముందు కట్టె సంగతి

సరుగుడును తీసుకుందాం. నాలుగైదేళ్లకే నరికేస్తారు కాబట్టి కట్టె పెద్ద లావు ఉండదు. పొడవు చూసి కోసి అమ్మడమే తప్ప చీల్చే పని దాదాపు ఉండదు. పైగా కాస్త పచ్చిగా ఉన్నా అంటుకునే గుణం దానిది. చెన్నై అడితుల్లో సరుగుడుకు ఉన్న గిరాకీకి కారణం అదే. మీ దగ్గర కూడా ఎక్కువ భాగం సరుగుడే అయితే హైడ్రాలిక్ యంత్రం కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ డబ్బుతో మంచి చైన్ రంపం, నమ్మకమైన కాటా కొనుక్కోవడం మేలు.

బెంగళూరు చుట్టుపక్కల మాత్రం రాజ్యం నీలగిరిదే. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. కానీ నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు అది, ఉన్న తోటలు ఒక్కసారిగా మాయమైపోవు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు నుంచి లోడ్లు వస్తూనే ఉన్నాయి. ఈ కట్టెను చీల్చేవాడు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దాని నార తరచుగా నిటారుగా ఉండదు, మెలి తిరిగి ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు దారికి వస్తుంది, కొన్నిసార్లు కోసిన చివర్లలో తనంతట తానే పగుళ్లిస్తుంది. అదే దుంగను వేసవి అంతా ఎండలో వదిలేస్తే గొడ్డలి ఎగిరి పడుతుంది. కాబట్టి లోడు దిగిన కొద్ది వారాల్లోపే చీల్చేయాలి. "వానాకాలం ముందు చూద్దాంలే" అని పక్కన పడేసిన కుప్ప కోసమే చాలామంది అవసరానికి మించిన యంత్రం కొంటారు. ఇంకొకటి, నీలగిరి పగిలాక కూడా రెండు ముక్కలూ వెంటనే విడిపోవు. నారలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. వెడ్జ్, అంటే దుంగలోకి దిగే ఉక్కు ముక్కు, దుంగ రెండో చివర దాకా వెళ్లకపోతే మనిషి వంగి చేత్తో విడదీయాలి. యంత్రం పెట్టిందే ఆ చేతులను అక్కడి నుంచి తీసేయడానికి.

కాఫీ తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓక్, మామిడి పెద్దగా ఏడిపించవు. చింత వేరే కథ. దాని చేవ దగ్గర మంచి గొడ్డలి కూడా తలవంచుతుంది. సీమ తుమ్మ లావు తక్కువే అయినా వంకరలు, ముడులు ఎక్కువ. ఇక బెంగళూరులో ఏప్రిల్, మే గాలివానలకు కూలే నిద్రగన్నేరు చెట్లున్నాయి. మొదలు చూస్తే రెండు మూడడుగుల అడ్డకొలత, నార అడ్డదిడ్డం. నగరంలో పెరిగిన చెట్టు కాబట్టి బోర్డులు కొట్టిన మేకులు, కేబుల్ తీగలు బెరడు కింద పూడిపోయి ఉంటాయి. వాటివల్ల చీల్చే యంత్రానికి పెద్ద నష్టం లేదు. ముందు పోయేది రంపం గొలుసు.

కాగితాల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం నీలగిరి, సరుగుడు, సుబాబుల్, సిల్వర్ ఓక్ నరకడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. చింత లాంటివాటికి అక్కర ఉంది. అలాగే రంపం మిల్లుకు అటవీ శాఖ లైసెన్సు ఉండాలి. చీల్చే యంత్రం పక్కన గుండ్రటి రంపపు బల్ల కూడా పెట్టాలనుకుంటే ముందు రేంజ్ ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

కొనేవాడి పొయ్యి ఎంత?

బిర్యానీ వంటవాడికి రెండు మూడడుగుల పొడవు కట్టె కావాలి. డేగిసా కింద నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటే, మంట పెంచాలన్నా తగ్గించాలన్నా లోపలికి నెట్టడమో బయటికి లాగడమో చేస్తాడు. పిజ్జా పొయ్యివాడికి అడుగు, అడుగుంపావు చాలు, అది కూడా సన్నగా, ఒకే తీరుగా, బాగా ఎండి ఉండాలి. పొగ వస్తే అతను రెండోసారి మీ దగ్గర కొనడు. బాయిలర్‌వాడు లావు చూడడు, ధర చూస్తాడు. ఈ ముగ్గురిలో మీకు ఎవరు ఎక్కువో చూసుకుంటేనే యంత్రం ఎంత పొడవు దుంగను పట్టాలో తెలుస్తుంది. మార్కెట్లో దొరికే చిన్న యంత్రాలు ఎక్కువగా 50, 60 సెంటీమీటర్ల దుంగకు సరిపోయేవే. బిర్యానీ కట్టె వాటిలో పట్టదు. స్ట్రోకు, అంటే పిస్టన్ ముందుకు వెళ్లే దూరం, పెంచి చేయించుకోవచ్చు. కానీ పొడవు పెరిగిన కొద్దీ ప్రతి దెబ్బకూ పట్టే సమయం పెరుగుతుంది.

చీల్చడం వెనక ఇంకో ప్రయోజనం ఉంది, నా లెక్కన అసలు ప్రయోజనం అదే: ఎండటం. బెరడు నీటిని లోపల పట్టి ఉంచుతుంది. చీలిస్తే లోపలి ముఖం గాలికి తెరుచుకుంటుంది. అయితే మన దగ్గర కట్టె అమ్మేది తూకానికి. ఎండబెడితే బరువు పోతుంది. అందుకే అడితివాడు పచ్చిదే కాటా ఎక్కించి పంపేయాలని చూస్తాడు. ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. పచ్చి కట్టెలో నూటికి 45 పాళ్లు నీరనుకోండి. టన్నులో 450 కిలోల నీరు, 550 కిలోల అసలు కట్టె. నీరు 20 శాతానికి దిగేదాకా ఎండబెడితే ఆ టన్ను సుమారు 690 కిలోలవుతుంది. పచ్చిది కిలో పది రూపాయలనుకుంటే, ఎండినది పద్నాలుగున్నరకు అమ్మితేనే మీకు సమం. కొనేవాడు మొదట ముఖం చిట్లిస్తాడు. కానీ అతని వైపు లెక్క కూడా చూడండి. కిలో పచ్చి కట్టె ఇచ్చే వేడి సుమారు 9 మెగాజౌల్స్, కిలో ఎండు కట్టె ఇచ్చేది సుమారు 14. అతను ఒకటిన్నర రెట్ల లోపు ధర పెట్టి ఒకటిన్నర రెట్లకు మించిన వేడి కొంటున్నాడు. పొగ తగ్గడం, పొయ్యి త్వరగా అందుకోవడం అదనం. ఈ లెక్క కొనేవాడికి చెప్పి ఒప్పించగలిగితే యంత్రానికి అర్థం ఉంది. తూకానికి పచ్చి కట్టే అమ్ముతూ పోతానంటే, యంత్రం మిగిల్చేది గొడ్డలి కూలీ తేడా మాత్రమే.

టన్నులు ఎక్కడి నుంచి వస్తాయి?

హైడ్రాలిక్ యంత్రంలో బలం రెండు అంకెల గుణకారం. ఒకటి సిలిండర్ లోపలి వైశాల్యం, రెండోది నూనె పీడనం. సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు. 100 మిల్లీమీటర్ల బోర్ ఉంటే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. పీడనం 175 బార్ అయితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 178 కిలోల తోపు. రెండూ గుణిస్తే 14 టన్నులు. అదే పీడనం దగ్గర 80 బోర్ ఇచ్చేది 9 టన్నులు, 125 బోర్ ఇచ్చేది 22. ఇంతకు మించి ఇందులో మాయ లేదు. ఎవరైనా 100 బోర్ సిలిండర్ చూపించి ముప్పై టన్నులు అన్నారంటే, సిలిండర్‌లోకి నూనె తోసే అతని పంపు 375 బార్ ఇవ్వాలి. ఈ యంత్రాలకు బిగించే మామూలు గేర్ పంపులు 200, 250 బార్ దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి టన్నులు అడగకండి. బోర్ ఎంత, రిలీఫ్ వాల్వు, అంటే పీడనం హద్దు దాటకుండా నూనెను వెనక్కి వదిలేది, ఎన్ని బార్ దగ్గర పెట్టారు, ఈ రెండే అడగండి. గుణకారం ఇంటికొచ్చి మీరే చేసుకోవచ్చు.

మరి ఎన్ని కావాలి? ఏడెనిమిది అంగుళాల సిల్వర్ ఓక్, మామిడి, పచ్చి నీలగిరి సాధారణంగా 7 నుంచి 9 టన్నులకు లొంగుతాయి. అడుగు లావు నీలగిరికి, ముడులున్న తుమ్మకు 14 ఉంటే నిశ్చింత. చింత మొదళ్లు, నిద్రగన్నేరు మొద్దులు రోజువారీ సరుకైతే 22 వైపు చూడాలి. నెలకు నాలుగు మొద్దులు వస్తాయని దానికోసం 22 కొంటే మిగతా నెలంతా నెమ్మదిగా నడిచే యంత్రాన్ని మేపుతారు. అలాంటి మొద్దులను రంపంతో సగం దాకా గాటు పెట్టి ఇస్తే చిన్న యంత్రమే పని కానిస్తుంది.

నెమ్మదిగా ఎందుకు నడుస్తుందంటే, బలం సిలిండర్‌దైతే వేగం పంపుది. 100 బోర్, 60 సెంటీమీటర్ల స్ట్రోకు ఉన్న సిలిండర్ నిండటానికి 4.7 లీటర్ల నూనె కావాలి. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే ముందుకు వెళ్లడానికి 14 సెకన్లు. వెనక్కి వచ్చేటప్పుడు పిస్టన్‌కు బిగించిన రాడ్ కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి 10, 11 సెకన్లు. ఒక్క దెబ్బకు 25 సెకన్లు! పైగా 175 బార్ దగ్గర ఆ 20 లీటర్లు తోయడానికి 9 హార్స్‌పవర్ మోటారు కావాలి. బోర్‌ను 125కు పెంచి ఇదే పంపు ఉంచితే సమయం ఒకటిన్నర రెట్లవుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే రెండంచెల పంపు. దానిలో రెండు జతల గేర్లుంటాయి. దుంగ ఇంకా తగలకముందు, తగిలినా తేలిగ్గా దిగుతున్నప్పుడు రెండు జతలూ కలిసి నిమిషానికి 40 లీటర్లు తోస్తాయి. ఎదురు బలం పెరిగి పీడనం 40, 50 బార్ దాటగానే పెద్ద జత తన నూనెను ఊరికే ట్యాంకుకు వదిలేస్తుంది. చిన్న జత ఒక్కటే 10 లీటర్ల చొప్పున, పూర్తి పీడనంతో తోస్తుంది. రెండు స్థితుల్లోనూ మోటారు మీద భారం 5 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ ఉంటుంది. అంటే సగం మోటారుతోనే పని అయిపోతుంది. సమయం కూడా 25 నుంచి 15, 16 సెకన్లకు దిగుతుంది.

ఇది పని చేస్తుంటే చూడాలి, వినాలి. పీడనం చూపే గేజ్ మీద కన్నేసి ఉంచండి. ఎనిమిది అంగుళాల నీలగిరి దుంగ పడుకుని ఉంది, వెడ్జ్ వచ్చి దాని చివర ముఖానికి ఆనింది. ముల్లు అప్పటిదాకా 15, 20 దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. ఆనగానే ముల్లు లేస్తుంది. యాభై దాటేటప్పుడు పంపు చప్పుడు మారుతుంది, పిస్టన్ నడక మందగిస్తుంది. నూరు, నూట ఇరవై. చివరి ముఖం మీద తడి చిమ్ముతుంది, టప్పుమని పగులు దుంగ పొడవునా పాకుతుంది. ముల్లు ఒక్కసారిగా కింద పడుతుంది, పిస్టన్ మళ్లీ పరుగందుకుంటుంది. పూర్తి బలం అవసరమైంది ఎంత దూరానికి? మహా అయితే నాలుగంగుళాలకు. మిగతాదంతా వేగం అవసరమైన దూరమే. అందుకే పాతిక టన్నుల ఒకంచె పంపు కన్నా పద్నాలుగు టన్నుల రెండంచెల పంపు రోజు చివర ఎక్కువ కట్టె పడేస్తుంది. నన్నడిగితే చిన్న అడితికి 100 బోర్, రెండంచెల పంపు, 5 హార్స్‌పవర్ మోటారు దగ్గర మొదలుపెట్టి, ఎందుకు మార్చాలో కారణం దొరికితేనే మార్చమంటాను.

ఇక్కడ ఒక బోను ఉంది. రెండంచెల పంపులు చాలావరకు పెట్రోలు ఇంజన్ల కోసం తయారైనవి. వాటి మీద రాసే లీటర్లు నిమిషానికి 3600 చుట్ల దగ్గర లెక్క. మన దగ్గర మామూలుగా దొరికే నాలుగు పోళ్ల మోటారు తిరిగేది 1440 చుట్లు. నేరుగా బిగిస్తే 42 లీటర్ల పంపు ఇచ్చేది 17 లీటర్లే. యంత్రం పాడైంది కాదు, మోసమూ కాదు, లెక్క చూసుకోలేదంతే. 2880 చుట్ల మోటారు అడగండి, లేదా దానికి తగిన పెద్ద పంపు పెట్టించండి.

బీమ్, అంటే యంత్రాన్ని మోసే ఉక్కు దూలం, గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ధర తగ్గించాలంటే ఫ్యాబ్రికేటర్ ముందు కోసేది అక్కడే. సిలిండర్ దుంగను ఎంత బలంతో తోస్తుందో, కింద ఉన్న ఐ-బీమ్‌ను అంతే బలంతో వంచుతుంది. 14 టన్నుల తోపుకు 150 మిల్లీమీటర్ల ఎత్తున్న మామూలు ఐ-బీమ్ చాలదు. లెక్క కడితే ఉక్కు లొంగిపోయే హద్దు దాటుతుంది. 200 బీమ్ సరిగ్గా సరిపోతుంది. 22 టన్నులకైతే దానికీ అదనపు పట్టీలు వెల్డింగ్ చేయాలి. రంగు వేశాక అన్ని బీములూ ఒకేలా కనిపిస్తాయి, టేపు పెట్టి కొలవండి.

నూనె ట్యాంకు చిన్నదైతే మధ్యాహ్నానికి నూనె కాగిపోతుంది. కాగిన నూనె పలచబడి బలం తగ్గుతుంది, నూనెను ఆపి ఉంచే సీళ్లు గట్టిపడి కారడం మొదలవుతుంది. పంపు నిమిషానికి ఎన్ని లీటర్లిస్తుందో దానికి రెండింతలైనా ట్యాంకు ఉండాలి. నూనె 46 లేదా 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్. తిరుగు దారిలో ఫిల్టరు తప్పనిసరి, రంపపుపొట్టు ఎక్కడికైనా దూరుతుంది. సిలిండర్ కొలతలు 80, 100, 125 లాంటి మామూలువే ఉండనివ్వండి. పీన్యలోనో ఎస్‌జేపీ రోడ్డులోనో సీల్ కిట్ సాయంత్రంలోగా దొరకాలి. విదేశీ యంత్రం చూడటానికి నాజూగ్గా ఉంటుంది, కానీ దాని సీల్ కోసం నెల ఆగితే ఆ నెల కూలీ మీ జేబులోంచే.

ఏ శక్తితో నడపాలి?

త్రీ ఫేజ్ కరెంటు ఉంటే ఆలోచించాల్సిన పని లేదు, మోటారే. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ, పొద్దున్నే తీసినా పక్కింటివాళ్లు గొడవకు రారు. సింగిల్ ఫేజ్ ఒక్కటే ఉంటే 3 హార్స్‌పవర్ దగ్గర ఆగాలి. అంటే 80 బోర్ యంత్రం. పిజ్జా కట్టెకు, సన్న నీలగిరికి అది సరిపోతుంది. పొలంలో బోరు కనెక్షన్ ఉంది కదా, దానికి తగిలిద్దాం అనే ఆలోచన వద్దు. వ్యవసాయ లైనుకు త్రీ ఫేజ్ ఇచ్చేది రోజులో కొన్ని గంటలే, పైగా వ్యాపారానికి దాన్ని వాడటం నేరం.

పెట్రోలు ఇంజన్ అడితిలో కాకుండా తోటలోనే చీల్చి తెచ్చేవాళ్లకు. ట్రాక్టరు ఉన్నవాళ్లు దాని వెనక తిరిగే షాఫ్టుకు, అంటే పి.టి.ఓ.కు, పంపు తగిలించుకోవచ్చు. ఆ షాఫ్టు తిరిగేది 540 చుట్లు, కాబట్టి మధ్యలో వేగం పెంచే గేర్‌బాక్సు ఉండాలి. ట్రాక్టరు సొంత హైడ్రాలిక్స్‌కే గొట్టాలు తగిలిస్తే పని జరుగుతుంది కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య టీ తాగి రావచ్చు.

హైడ్రాలిక్ కాని రెండు రకాలు

ఒకటి బరువైన చక్రం తిప్పి, ఆ ఊపుతో దుంగను గుద్దేది. రెండు మూడు సెకన్లలో దెబ్బ పడుతుంది, నిటారు నార ఉన్న కట్టెకు దీన్ని మించింది లేదు. మెలి తిరిగిన నార దగ్గర ఇరుక్కుని నిలబడిపోతుంది. మన సరుకు చూస్తే దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను.

రెండోది శంఖం ఆకారంలో ఉండే తిరిగే మర. ట్రాక్టరుకో మోటారుకో తగిలిస్తారు, దుంగను దాని మీదికి నెడితే మర దూరుకుంటూ వెళ్లి చీలుస్తుంది. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా చవకైనది ఇదే. నేనైతే వద్దనే అంటాను. మర పట్టుకున్న దుంగ చీలకపోతే దుంగే గిర్రున తిరుగుతుంది, నెట్టిన మనిషి చేతిని, కాలిని దాంతో పాటు తీసుకుపోతుంది. లుంగీ అంచు, తువ్వాలు, చీర కొంగు తగిలితే ఆపే వ్యవధి ఉండదు. హైడ్రాలిక్ యంత్రంలో లీవరు వదిలితే పిస్టన్ ఆగుతుంది. ఇక్కడ వదలడానికి ఏమీ లేదు.

హైడ్రాలిక్‌లో ప్రమాదం లేదని కాదు. ఎక్కువగా వేళ్లు పోయేది ఇద్దరు కలిసి పని చేసేటప్పుడు. ఒకడు దుంగ సర్దుతుంటాడు, ఇంకొకడు లీవరు లాగుతాడు. దుంగ పెట్టే చేతులే లీవరు పట్టాలి, రెండు చేతులూ రెండు పిడుల మీద ఉంటేనే పిస్టన్ కదలాలి. ఈ ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు, అడిగి పెట్టించుకోండి. పని తొందరలో ఒక పిడిని తాడుతో కట్టేసే అతితెలివి మీ దగ్గర ఎవరికీ రాకుండా చూసుకోవాల్సింది మీరే. ఇంకొకటి, గొట్టానికి సూదిమొనంత చిల్లి పడితే నూనె కంటికి కనిపించనంత సన్నగా, చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగేంత బలంగా వస్తుంది. చేత్తో తడిమి చూడకూడదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. పొరపాటున చేతికి తగిలితే, గాయం చుక్కంతే ఉన్నా, నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రోజుకు ఎంత?

ఎనిమిది అంగుళాల లావు, ఒకటిన్నర అడుగు పొడవున్న పచ్చి నీలగిరి దుంగ దాదాపు 14 కిలోలుంటుంది. నాలుగు చీలికలు చేయాలంటే మామూలు వెడ్జ్‌తో మూడు దెబ్బలు. దెబ్బకు 16 సెకన్లు, మధ్యలో ముక్కలు తిప్పి పెట్టే సమయం కలిపితే దుంగకు నిమిషంపావు. అంటే గంటకు 48 దుంగలు, 670 కిలోలు. కూడిక గుర్తు ఆకారంలో ఉండే నాలుగు నోళ్ల వెడ్జ్ పెడితే ఒకే దెబ్బకు నాలుగవుతాయి, గంటకు టన్నుంపావు దాకా లెక్క తేలుతుంది. దానికి బలం ఎక్కువ కావాలి, మెలి నార దుంగ అందులో బిగుసుకుంటే విడిపించడం తలనొప్పి. తీసి పెట్టడానికి వీలుండే వెడ్జ్ చేయించుకుని దుంగను బట్టి మార్చుకోవడం మంచిది. దుంగలు చిన్నవైతే పిస్టన్ ప్రతిసారీ చివరి దాకా వెనక్కి రాకుండా మధ్యలోనే ఆపే ఏర్పాటు అడగండి. 60 సెంటీమీటర్ల స్ట్రోకులో 40 సెంటీమీటర్ల దుంగలు చీల్చేవాడికి మూడోవంతు సమయం కలిసొస్తుంది.

ఈ అంకెలు కాగితం మీదివి. పగలంతా చూస్తే మూడింట రెండు వంతులు వస్తే మంచి రోజు. యంత్రం ఎక్కువసేపు దుంగ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. టన్నుకు 70 కోతలు ఎవరో కోయాలి, కోసినవి దగ్గరికి తేవాలి, చీల్చినవి తీయాలి. దుంగలను నడుం ఎత్తులో ఉంచే బల్ల, కిందికి జారే రేకు, ఈ రెండూ పది టన్నుల అదనపు బలం కన్నా ఎక్కువ పని ఇస్తాయి. మొద్దులు బరువైనవైతే నిలువుగా చీల్చే యంత్రం తీసుకోండి, ఎత్తే పని ఉండదు.

డబ్బు లెక్క మీ అంకెలతో మీరే వేసుకోవాలి. ఉదాహరణకు గొడ్డలి కూలీ నుంచి కరెంటు, మనిషి కూలీ తీసేస్తే టన్నుకు 400 రూపాయలు మిగులుతాయనుకోండి. నెలకు 40 టన్నులు చీల్చేవాడికి రెండున్నర లక్షల యంత్రం 16 నెలల్లో తీరుతుంది. నెలకు పది టన్నులవాడికి ఐదేళ్లు దాటుతుంది. అతను వారానికొక రోజు యంత్రం బాడుగకు తెచ్చుకోవడమో, ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవడమో చేయాలి. వంటచెరకు మీద జీఎస్టీ లేదు, అది సంతోషమే. కానీ అందువల్లే యంత్రం మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, దాన్ని కూడా ధరలో కలిపి చూసుకోండి. అప్పు కాలం కూడా పొట్టిగా పెట్టుకోవాలి. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ముంబై బేకరీలకు కట్టె, బొగ్గు మానుకోవడానికి ఆరు నెలల గడువిచ్చింది. అలాంటి గాలి ఇటు వీచితే పిజ్జా, బేకరీ గిరాకీ ముందు ఊగుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీ కుప్పలోంచి అన్నిటికన్నా మొండివి ఐదు దుంగలు ఆటోలో వేసుకుని వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. అక్కడ వాళ్లు చూపించే సిల్వర్ ఓక్ ముక్కల మీద ప్రదర్శన చూసి రావద్దు. గేజ్ లేని యంత్రమైతే గేజ్ తగిలించాకే మొదలుపెట్టమనండి. ఒక దుంగనైనా యంత్రం చీల్చలేక ఆగాలి, అప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో అదే దాని అసలు పీడనం. బోర్, స్ట్రోకు, రాడ్ వ్యాసం, పంపు పరిమాణం, మోటారు చుట్లు బిల్లు మీద రాయించండి. ఐదు దుంగలూ అయ్యాక బీమ్ రెండు చివర్ల మధ్య దారం బిగించి పట్టుకుని చూడండి. మధ్యలో సందు కనిపిస్తే, డబ్బు జేబులోనే ఉంచుకుని దుంగలు మళ్లీ ఆటో ఎక్కించండి.